హార్డ్‌వేర్ కొట్టు నగలు – మూడో పాఠం: రింగు మూతి

పోయిన పాఠంలో ఇరవై తీగ ముక్కల చివరలు గుండ్రంగా చుట్టి చూపమన్నాను. వాటిలో పన్నెండైనా ఒకే కొలతలో కుదిరి ఉంటే ముందుకు రండి. కుదరకపోతే ఇంకో మీటరు తీగ పాడుచేసి రండి, ఏమీ నష్టం లేదు. పాడైన తీగ మళ్లీ రాగిగా అమ్ముడుపోతుంది.

ఈసారి గొలుసు. చేతికి కట్టుకునే రెండు వరసల గొలుసు. చూడడానికి పెద్ద పనిలా ఉంటుంది కానీ ఇందులో నేర్చుకోవలసింది ఒక్కటే. తీగ రింగు మూతిని సందు కనబడకుండా మూయడం. దాన్ని అరవై ఎనిమిది సార్లు చేస్తే గొలుసు అయిపోతుంది.

నా మొదటి గొలుసు సంగతి చెబుతాను. మూతులు మూశాననే అనుకున్నాను. బంధువుల పెళ్లికి గర్వంగా పెట్టుకుని వెళ్లాను. తలంబ్రాల వేళకు అది మా అత్తయ్య పట్టుచీర జరీకి తగులుకుంది. ఆమె అటు, నేను ఇటు. గొలుసు సగం ఆమె కొంగున ఉండిపోయింది. "నగ చేశావా, గాలం చేశావా?" అంది. ఆ మాటతోనే నాకు పాఠం మొదలైంది. మీకు ఆ చీర ఖర్చు తప్పించాలని ఈ వివరమంతా.

తీగ ఎక్కడ కొనాలి

బోరు మోటార్లు కాలిపోతే మళ్లీ తీగ చుట్టి ఇచ్చే వైండింగ్ షాపు మీ ఊళ్లో ఎక్కడో ఉంటుంది. అక్కడ రాగి తీగ తూకానికి ఇస్తారు. గేజి అంటే తీగ లావుకు పెట్టిన అంకె. మనకు కావలసింది 18 గేజి. అక్కడివాళ్లు లెక్కపెట్టేది బ్రిటిష్ గేజి, అందులో 18 అంటే 1.22 మిల్లీమీటర్లు. విదేశీ వీడియోలలో 18 గేజి అని వినబడేది అమెరికా గేజి, అది 1.02 మిల్లీమీటర్లే. వీడియో చూసి కొలతలు రాసుకుని, మన షాపు తీగతో చేసి, రింగులు ఇరుకయ్యాయేమిటని తల పట్టుకునేవాళ్లు చాలామంది. గేజి అంకెను నమ్మకండి, మిల్లీమీటర్లు అడగండి.

వంద గ్రాములు తీసుకుంటే సుమారు తొమ్మిదిన్నర మీటర్లు వస్తుంది. మన గొలుసుకు మీటరున్నర చాలు. అంటే పదహారు గ్రాములు, రెండు కాసుల ఎత్తు. బంగారంలో అయితే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

వైండింగ్ తీగ మీద వార్నిష్ లాంటి పూత ఉంటుంది. దాన్ని మంట మీద కాల్చి తీయకండి, ఆ పొగ మంచిది కాదు. ఎమెరీ కాగితాన్ని మడిచి, మధ్యలో తీగ పెట్టి, గట్టిగా నొక్కి పట్టుకుని లాగండి. నాలుగైదు సార్లు లాగితే అసలు రాగి రంగు తేలుతుంది. పూత పొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి.

ఇంట్లో మిగిలిపోయిన కరెంటు వైరు ఉంది కదా అంటారు. ఇప్పటి ఇంటి వైర్లలో ఎక్కువగా వెంట్రుకల్లాంటి సన్నని పోగులే ఉంటాయి. అవి రింగులకు పనికిరావు. పారేయకండి, వాటిని మెలేసి పూలు కట్టే పాఠం ముందుంది. కరీంనగర్‌లో వెండి తీగ పనివాళ్లు సన్నని తీగలు మెలేసి చేసే పనికి అది చిన్న పలకా బలపం లాంటిది. ఒక్క హెచ్చరిక: ప్లాస్టిక్ తొడుగును బ్లేడుతో చీల్చి తీయాలి, కాల్చకూడదు. అది కాలితే ఊపిరితిత్తులను మండించే ఆమ్లపు వాయువు వస్తుంది.

తెల్లగా మెరిసే జీఐ తీగ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దాని మీద జింకు పూత ఉంటుంది. వంచుకోవచ్చు, చుట్టుకోవచ్చు, మంట మాత్రం చూపించకూడదు. జింకు పొగ పీల్చితే చలిజ్వరం వచ్చినట్టు ఒళ్లు వణుకుతుంది.

తీగకు బిగువు

వైండింగ్ తీగ మెత్తగా ఉంటుంది, మోటారులో చుట్టడానికి అలా ఉండాలి కనుక. గొలుసుకు ఆ మెత్తదనం పనికిరాదు, చిన్నగా లాగితే రింగు నోరు తెరుస్తుంది. అందుకని మీటరున్నర తీగ ఒక కొసను కిటికీ ఊచకు కట్టండి. రెండో కొసను ప్లయరుతో పట్టుకుని, వెనక్కి వాలి, నిదానంగా లాగండి. ఒకచోట తీగ కొద్దిగా సాగినట్టు చేతికి తెలుస్తుంది, జున్నుముక్క కదిలినట్టు. అక్కడ ఆపేయాలి. వంకరలన్నీ పోయి తీగ నిటారుగా నిలుస్తుంది, కొంచెం గట్టిపడుతుంది కూడా. లాగినా, వంచినా, సుత్తితో కొట్టినా రాగి గట్టిపడుతూ పోతుంది. ఎర్రగా కాల్చితే మళ్లీ మెత్తబడుతుంది. స్వర్ణకారులు కమ్మచ్చులో, అంటే చిల్లుల ఉక్కు పలకలో, తీగ తీస్తూ మధ్యమధ్య కాల్చుకునేది ఇందుకే. లాగేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోండి. తీగ తెగితే కొరడాలా వస్తుంది.

ఎంత లావు తీగకు ఎంత రింగు

రింగు లోపలి వెడల్పును తీగ లావుతో భాగించండి. నాలుగు దగ్గర వస్తే ఈ గొలుసు బాగుంటుంది. మూడుకు దిగితే రింగులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని గొలుసు కర్రలా బిగుసుకుంటుంది. ఆరుకు పోతే జోలెలా వేలాడుతుంది. మన తీగ 1.2, కనుక లోపలి వెడల్పు 5 మిల్లీమీటర్లు ఉండాలి. తీగ లావు మార్చాలనుకుంటే చుట్టే కడ్డీ కూడా మార్చాలన్నమాట. ఈ ఒక్క భాగహారం తెలిస్తే ఎవరి కొలతలూ అరువు తెచ్చుకోనక్కరలేదు.

కడ్డీ కోసం ప్రత్యేకంగా ఏమీ కొననక్కరలేదు. హార్డ్‌వేర్ కొట్లో 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు అడగండి. దాని వెనక భాగం నున్నగా, దాదాపు అదే కొలతలో ఉంటుంది. అదే కొలత స్వెటర్ సూది ఉన్నా సరే. పెన్సిల్ వద్దు, ఆరు పలకలది.

మొదటి చుట్టను బొటనవేలితో కడ్డీకి అదిమి పట్టుకుని, చుట్ట పక్కన చుట్ట ఆనుకునేలా తిప్పుతూ పోండి. మధ్యలో సందు వదిలితే ఆ రింగు మరమేకులా మెలితిరిగి వస్తుంది. ఒక్కో రింగుకు దాదాపు 20 మిల్లీమీటర్ల తీగ పడుతుంది. బిట్టు పొట్టిది కనుక చుట్టలు నిండగానే కొంచెం కొంచెం ముందుకు జరుపుకుంటూ పోవాలి. చేతులు నొప్పి పెడితే ఆపి టీ తాగండి. అలసిన చేతి చుట్ట వదులుగా వస్తుంది, తర్వాత కోసేటప్పుడు బయటపడుతుంది.

కోయడం

ఇక్కడ చాలామంది తొందరపడతారు. మామూలు కటింగ్ ప్లయరు తీగను రెండు వైపులా నొక్కి తెంపుతుంది, కొసలు గుడిసె కప్పులా కోసుగా మిగులుతాయి. రెండు గుడిసె కప్పులు ఎదురెదురుగా పెట్టి సందు లేకుండా మూయమంటే ఎవరి తరం? రేడియో, టీవీ విడిభాగాలు అమ్మే చోట చిన్న నిప్పర్ దొరుకుతుంది. దానికి ఒక వైపు చదునుగా ఉంటుంది. ఆ వైపు కోసిన కొస చదునుగా, రెండో వైపు కొస కోసుగా వస్తుంది. అందుకే ప్రతి రింగుకు రెండు కోతలు. ఒక కోత కోసి, నిప్పర్‌ను తిప్పి పట్టుకుని, కోసుగా మిగిలిన మిల్లీమీటరు ముక్కను తీసేయాలి. ఆ ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. కళ్లద్దాలు పెట్టుకోండి, లేదా చెయ్యీ నిప్పరూ పాలిథిన్ సంచిలో పెట్టి కోయండి. నేను సంచిలోనే కోస్తాను, ముక్కలు ఏరుకునే బాధ కూడా ఉండదు.

ఈ నిప్పర్‌తో ఇనుము కోయకండి. సాధన కోసం స్లాబులకు ఊచలు కట్టే బైండింగ్ వైరు వాడుకోవచ్చు. అది కారుచౌక, మెత్తన కూడా. కానీ దానికి పాత కటింగ్ ప్లయరునే పెట్టుకోండి.

మూతి

రెండు నోస్ ప్లయర్లు కావాలి. హార్డ్‌వేర్ కొట్లో దొరికేవాటికి లోపల పళ్లు ఉంటాయి, అవి మెత్తని రాగిని కొరికేస్తాయి. పళ్ల మీద మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ రెండు చుట్లు వేసుకోండి. మాసిపోతే మార్చుకోండి.

రింగు మూతి పన్నెండు గంటల వైపు ఉంచి, ఒక ప్లయరుతో మూడింటి వైపు, రెండో దానితో తొమ్మిదింటి వైపు పట్టుకోండి. తెరవాలంటే కుడి చేతిని మీ వైపుకు, ఎడమ చేతిని ముందుకు తిప్పాలి. గుండ్రటి ఆకారం చెడకూడదు. మూతి పక్కలకు జరగాలి తప్ప వెడల్పుగా నోరు తెరవకూడదు. కొసలను పట్టుకుని ఇటూ అటూ లాగి తెరిచిన రింగు మళ్లీ గుండ్రంగా రావడం కల్ల.

మూసేటప్పుడు అసలు కిటుకు ఉంది. కొసలను ఎదురెదురుగా తెచ్చి ఆపేస్తే తీగ కొంచెం వెనక్కి పోతుంది, వెంట్రుక వాసి సందు మిగులుతుంది. నా మొదటి గొలుసులో జరిగిందదే. అలా కాకుండా, రెండు చేతులనూ కొద్దిగా లోపలికి నొక్కి ఉంచి, కొసలు ఒకదాన్ని ఒకటి దాటి పోయేదాకా తిప్పండి. మళ్లీ వెనక్కి అవతలి వైపుకు దాటించండి. ఇలా రెండు మూడు సార్లు ఊపుతుంటే కొసలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. టక్ అని చిన్న చప్పుడు, వేళ్లకు చిన్న తగులు. అక్కడ ఆపాలి. చప్పుడు వచ్చిన రింగుకు, రాని రింగుకు తేడా మొదట చెవికి తెలియదు, ముప్పయ్యో రింగు దగ్గర తెలుస్తుంది. ఇలా ఊపడంలో ఇంకో లాభం ఉంది. తీగ వంగి వంగి ఇంకాస్త గట్టిపడుతుంది.

పరీక్షకు దూది చాలు. మూసిన రింగును దూది మీద రుద్దండి. పోగు పట్టుకుందా, మూతి కుదరలేదు. కొస గరుకుగా ఉంటే సన్నని ఆకురాయితో ఒక్కసారి తాకించండి. దూది పరీక్ష గెలవని రింగును గొలుసులో పెట్టకండి. మొహమాటం వద్దు, పక్కన పడేయండి.

కూర్పు

ముంజేతి చుట్టుకొలత 17 సెంటీమీటర్లనుకుందాం. ఒక్కో జత దాదాపు 5 మిల్లీమీటర్ల పొడవు కలుపుతుంది, కనుక ముప్పై నాలుగు జతలు, అరవై ఎనిమిది రింగులు. సగం ముందే మూసి ఒక గిన్నెలో, సగం తెరిచి ఇంకో గిన్నెలో పెట్టుకోండి.

మూసిన రింగులు రెండింటికి రంగు దారం కట్టండి. అది గొలుసు తోక. తెరిచిన రింగును ఆ రెండింటిలోంచి దూర్చి, దానికే ఇంకో రెండు మూసిన రింగులు తగిలించి, మూతి మూయండి. ఇప్పుడు ఇంకో తెరిచిన రింగును సరిగ్గా అదే దారిలో, మొదటిదాని పక్కనే పంపి మూయండి. ఒక అడుగు అయింది. చివరి రెండు రింగులను పట్టుకుని మళ్లీ ఇదే. పదిహేడో అడుగులో మాత్రం కొత్తవి తగిలించరు, ఊరికే మూస్తారు. రెండో రింగు పంపేటప్పుడు నాలుగింటిలో ఒకటి తప్పిపోవడం అందరికీ జరుగుతుంది. ప్రతి అడుగూ అయ్యాక గొలుసును దారం పట్టుకుని వేలాడదీసి చూస్తే తప్పు వెంటనే కనబడుతుంది. ఇరవై జతల తర్వాత చూసుకుంటే ఏడుపు వస్తుంది.

ఇక కొక్కెం. పాతవాళ్లు నగ చివరి పట్టును కొలికి అనేవారు. పని ఒక కొలిక్కి వచ్చింది అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఐదు సెంటీమీటర్ల తీగ తీసుకుని, పోయిన పాఠంలోలా ఒక కొసన మూసిన చుట్ట, రెండో కొసన చిన్న మలుపు తిప్పండి. మధ్య భాగాన్ని లావు పెన్ను మీద వంచితే చేపగాలం ఆకారం వస్తుంది. వంపును పాత ఇనుప తూకం రాయి మీద పెట్టి, నున్నటి సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేయండి. కొంచెం చదునై, బిగుసుకుంటుంది. మెత్తగా వదిలేసిన కొక్కెం వారం తిరగకుండా సాగి, గొలుసు ఎక్కడ పడిపోయిందో తెలియకుండా పోతుంది. చుట్టను ఒక రింగుతో గొలుసు చివరకు తగిలించండి. కొక్కెం పట్టుకునేది అవతలి కొస రింగులనే.

రంగు

చెమట తగిలి రాగి నల్లబడుతుంది, కొందరి చర్మం మీద పచ్చటి మరక పడుతుంది. సబ్బుతో పోతుంది. గోళ్ల రంగు పూస్తే ఆగుతుందని చెబుతుంటారు. కదలని లాకెట్టుకైతే సరే, గొలుసుకు వద్దు. రింగులు అంటుకుపోతాయి, రాపిడికి పొర లేచి ఇంకా అసహ్యంగా ఉంటుంది. చింతపండు పులుసులో చిటికెడు ఉప్పు వేసి అయిదు నిమిషాలు నానబెట్టి, వేళ్లతో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. మీ ఇంట్లో రాగి చెంబుకు జరిగే స్నానమే ఇది. నిత్యం పెట్టుకుంటే కుంకుడుకాయ నీళ్లు చాలు.

రాగి కదా అని చిన్నబుచ్చుకోకండి. మచిలీపట్నం పక్క చిలకలపూడి పేరు చెప్పి అమ్మే కవరింగ్ నగలకు పైన మెరిసేది బంగారం, లోపల మోసేది ఇలాంటి చవక లోహమే.

వచ్చే పాఠానికి ఇత్తడి వాషర్లు కావాలి, మూడు సైజుల్లో రెండేసి. కొట్టుకు వెళ్లేటప్పుడు జేబులో అయస్కాంతం ముక్క వేసుకోండి. అతుక్కున్నవి ఇనుము మీద ఇత్తడి రంగు పూసినవి, వాటిని అక్కడే వదిలేయండి. అప్పటిదాకా రోజుకు పది రింగులు, దూది పరీక్షతో సహా.