హాథోర్న్ ఆల్‌టైమ్ టీమ్ వెయ్యాలంటే వెనకనుంచి మొదలెట్టండి

మెల్‌బోర్న్‌లో ఉండే మనవాళ్ళకి ఆఫీసులో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) టిప్పింగ్, అంటే ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించే పోటీ, కాస్త అలవాటయ్యాక ఏదో ఒక క్లబ్ మీద మనసు పడుతుంది, ఆ తర్వాత ఆ క్లబ్ చరిత్ర మొత్తంలోంచి ఒక టీమ్ వెయ్యాలనిపిస్తుంది. క్రికెట్‌లో ఆల్‌టైమ్ ఎలెవన్ కోసం కొట్టుకునే వాళ్ళమే కదా, ఇదేం కష్టం అనుకుంటాం గానీ ఇక్కడ ఇలాంటి టీమ్‌కి గ్రౌండ్‌లో 18 మంది, బెంచ్ మీద ఇంకో 4, మొత్తం 22 పేర్లు కావాలి. నేను హాథోర్న్‌ తీసుకుని చెప్తా. మెల్‌బోర్న్ క్లబ్బే, 13 ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్ళు), మొదటిది 1961లో, చివరి మూడూ 2013, 14, 15 వరసగా. పేర్లకి కరువు లేదు, అసలు తలనొప్పి అదే.

పేర్లు రాసే ముందు రూల్స్ రాసుకోండి. పేర్లు ముందు రాస్తే మనకి నచ్చినోడు పట్టేలా రూల్ మారుస్తాం, అందరం అంతే. నా రూల్స్ రెండే. ఒకటి, హాథోర్న్‌కి ఆడినవే లెక్క. ఫ్రాంక్లిన్ సిడ్నీ వెళ్ళి కొట్టిన గోల్స్ ఇక్కడ చెల్లవు, హాథోర్న్‌కి కొట్టిన 580 చాలు అతనికి. బర్గోయిన్ మొత్తం 407 మ్యాచ్‌లు ఆడాడు గానీ మనకి 250 మాత్రమే, మిగతావి పోర్ట్ అడిలైడ్‌వి. రెండోది, కనీసం 100 మ్యాచ్‌లు. కొంతమంది 150 పెడతారు, అలా పెడితే 129 మ్యాచ్‌లే ఆడిన పీటర్ హడ్సన్ అవుట్, అతను లేని హాథోర్న్ టీమ్‌ని ఎవరికి చూపించినా నవ్వుతారు.

ఇప్పుడు పొజిషన్లు. ఫుల్ బ్యాక్ అంటే మన గోల్ ముందు కాపలా, ఫుల్ ఫార్వర్డ్ అంటే అవతలి గోల్ ముందు నిలబడి కొట్టేవాడు, వాళ్ళ పక్క చోట్లు పాకెట్లు, అక్కణ్ణుంచి ఒక వరస మధ్యకి జరిగితే హాఫ్ బ్యాక్, హాఫ్ ఫార్వర్డ్. అందరూ గోల్స్ కొట్టేవాళ్ళతో మొదలెట్టి, మిడ్‌ఫీల్డ్ నింపేసి, చివర్లో ఫుల్ బ్యాక్ ఎవర్రా అని వెతుక్కుంటారు. తిరగేసి చెయ్యండి, ఎక్కడ జనం తక్కువో అక్కడ ముందు. ఫుల్ బ్యాక్‌కి 300 మ్యాచ్‌ల కెల్విన్ మూర్, 303 మ్యాచ్‌ల క్రిస్ లాంగ్‌ఫర్డ్, నేనైతే మూర్‌ని పెట్టి లాంగ్‌ఫర్డ్‌ని పాకెట్‌లోకి నెడతా, ఇంకో పాకెట్ గ్యారీ ఎయర్స్‌ది, 1986, 1988 గ్రాండ్ ఫైనల్స్‌లో నార్మ్ స్మిత్ మెడల్ (గ్రాండ్ ఫైనల్లో బెస్ట్ ఆటగాడికి ఇచ్చేది) తీసుకున్నోడు. సెంటర్ హాఫ్ బ్యాక్ పీటర్ నైట్స్, పక్కన ల్యూక్ హాడ్జ్, ఇంకో పక్క బర్గోయిన్. రక్‌లో (బాల్ పైకి లేచినప్పుడు ఎగిరి తట్టే పొడుగోడి చోటు) డాన్ స్కాట్, ఆలోచించక్కర్లేదు. 302 మ్యాచ్‌లు ఆడినోడు, పైగా 1996లో మెల్‌బోర్న్ క్లబ్‌తో విలీనం చేస్తామన్నప్పుడు దానికి అడ్డం నిలబడినోడు. అది ఆట లెక్కలోకి రాదు గానీ నా టీమ్‌లో వస్తుంది.

మిడ్‌ఫీల్డ్ త్వరగా కానిచ్చేద్దాం. రక్ రోవర్ (రక్ తట్టిన బాల్ అందుకునేవాడు) మైకేల్ టక్, 426 మ్యాచ్‌లు, 7 ప్రీమియర్‌షిప్‌లు, అయినా క్లబ్ బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ (ఏడాదికి క్లబ్‌లో బెస్ట్ ఆటగాడి అవార్డు) ఒక్కసారీ గెలవలేదంటే పక్కన ఎలాంటోళ్ళు ఆడారో చూస్కోండి. సెంటర్‌లో శామ్ మిచెల్, వింగుల్లో డిపియర్‌డొమెనికో, క్రాఫర్డ్, రోవర్ (కింద పడ్డ బాల్ ఏరే చురుకైనోడు) ప్లాటెన్.

ఇంక అసలు గొడవ. ఫుల్ ఫార్వర్డ్ చోటు ఒకటే, క్యూలో డన్‌స్టల్, హడ్సన్, ఫ్రాంక్లిన్. డన్‌స్టల్‌వి 269 మ్యాచ్‌ల్లో 1254 గోల్స్. హడ్సన్‌వి 727, కానీ మ్యాచ్‌కి సగటున 5.64, లీగ్ చరిత్రలోనే ఎవరికీ అంత లేదు. 1971లో 150 గోల్స్ కొట్టి బాబ్ ప్రాట్ 1934 రికార్డుని సమం చేశాడు, ఆ ఏడు గ్రాండ్ ఫైనల్లో ఇంకొక్కటి పడుంటే రికార్డు తనొక్కడిదే అయ్యేది. మరుసటి ఏడు మొదటి మ్యాచ్‌లో హాఫ్ టైమ్‌లోపే 8 కొట్టి మోకాలు పోగొట్టుకున్నాడు. ఫ్రాంక్లిన్ 2008లో 113. ఎవర్ని తీసేస్తాం? నేనెవర్నీ తియ్యను, హడ్సన్‌ని గోల్ ముందు నిలబెట్టి డన్‌స్టల్‌ని పాకెట్‌లో పెడతా, ఫ్రాంక్లిన్ ఎలాగూ ఒకచోట ఉండే రకం కాదు కాబట్టి హాఫ్ ఫార్వర్డ్, మధ్యలో బ్రెరటన్. ఇక్కడ ఆగి లెక్క చూస్కోండి, నలుగురూ పెద్దోళ్ళే, బాల్ కింద పడితే ఎవరు ఏరుతారు? అందుకే మిగిలిన పాకెట్ లీ మాథ్యూస్‌ది (332 మ్యాచ్‌లు, 915 గోల్స్, అసలు రోవరే అతను), ఇంకో హాఫ్ ఫార్వర్డ్ సిరిల్ రియోలి. రియోలి కన్నా ఎక్కువ గోల్స్ కొట్టినోళ్ళు బయట చాలామంది ఉంటారు, ఉండనివ్వండి, ఈ ఆరుగురి మధ్యలో కావాల్సింది ఇంకో గోల్ మెషిన్ కాదు.

బెంచ్ దగ్గర ఒక జాగ్రత్త. నంబర్లు చూసి పాత తరాన్ని కొట్టేయకండి. కిక్‌లు, హ్యాండ్‌బాల్స్ లెక్కలు 1965 నుంచే దొరుకుతాయి, ట్యాకిల్స్ 1987 నుంచి, నార్మ్ స్మిత్ మెడల్ మొదలైందే 1979లో. 1961 గ్రాండ్ ఫైనల్లో అందర్నీ మించి ఆడిన బ్రెండన్ ఎడ్వర్డ్స్‌కి పేరు పక్కన మెడల్ లేదు మరి, ఇవ్వడానికి అప్పుడు అది ఉంటే కదా. కాబట్టి బెంచ్‌లో రెండు సీట్లు ఆ టీమ్‌కి రిజర్వ్ చేశా, ఎడ్వర్డ్స్‌కొకటి, కెప్టెన్ గ్రాహమ్ ఆర్థర్‌కొకటి. మిగతా రెండిట్లో ఒకటి బ్యాకప్ రక్‌కి ఉంచండి, స్కాట్ ఒక్కడే రోజంతా ఎగరలేడు.

కోచ్ జాన్ కెన్నెడీనా క్లార్క్‌సనా అంటే కెన్నెడీకి 3, క్లార్క్‌సన్‌కి 4 ప్రీమియర్‌షిప్‌లు, కానీ 1957 దాకా ఫైనల్స్ ముఖమే చూడని క్లబ్‌కి మొదటిది తెచ్చింది కెన్నెడీ, నా ఓటు అటే.

ఇది అయిపోయాక బోర్ కొడితే షరతు మార్చండి, మజా అక్కడే ఉంది. వేరే క్లబ్‌లో మొదలెట్టి హాథోర్న్‌కి వచ్చినోళ్ళతో మాత్రమే వెయ్యండి చూద్దాం: ఫుల్ బ్యాక్ బ్రయన్ లేక్, పక్కన జాష్ గిబ్సన్, బర్గోయిన్, ముందు గన్‌స్టన్, రక్‌లో డేవిడ్ హేల్, బెన్ మెకెవాయ్. వెనకా ముందూ బానే నిండుతుంది, సెంటర్ లైన్ దగ్గరికొచ్చాక మాత్రం రబ్బర్ పక్కన పెట్టుకుని కూర్చోండి.