పెళ్లి ఆర్డర్ ఉన్న రోజునే సెషన్లు బుక్ అవుతున్నాయా? మినీ సెషన్ల బుకింగ్: సమస్య - పరిష్కారం

నెల్లూరు నుంచైనా, ఒంగోలు నుంచైనా, కావలి నుంచైనా మినీ సెషన్లు, అంటే ఒక్కో కుటుంబానికి కొద్ది నిమిషాల్లో తీసే చిన్న ఫొటో షూట్లు, పెట్టే ఫొటో స్టూడియో వాళ్లు ఫోన్ చేస్తే మొదటి మాట ఒకటే: "బుకింగ్ యాప్ సరిగ్గా పని చేయడం లేదన్నా." యాప్ చెడిపోవడం చాలా అరుదు. నాకు ఫోన్ చేసే ముందు, యాప్ మార్చే ముందు, వేరే కంపెనీకి డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. మీ ఖాతా లేని మరో ఫోనులో మీ బుకింగ్ లింకు తెరవండి. పార్టీ, అంటే ఫొటో తీయించుకునే కుటుంబం, ఎలా బుక్ చేస్తుందో అలాగే తేదీ ఎంచుకోవడం నుంచి అడ్వాన్సు కట్టడం దాకా ఒక స్లాట్ పూర్తిగా బుక్ చేయండి. మీ ఫోనులో మీకు కనిపించేది యజమాని తెర. పార్టీకి కనిపించేది వేరు. ఇంట్లో వాళ్ల ఫోను చాలు, ఐదు నిమిషాలు కూడా పట్టదు. అయినా ఈ పని చేసి ఫోన్ చేసేవాళ్లు దాదాపు ఉండరు. కింద చెప్పే సమస్యల్లో చాలావరకు ఈ ఒక్క పరీక్షలోనే బయటపడతాయి.

సమస్య: సాయంత్రం అయ్యేసరికి సెషన్లు గంట వెనకబడుతున్నాయి

కెమెరా చేతిలో ఉన్న సమయాన్ని మాత్రమే లెక్కేసి స్లాట్ పెట్టారు. 20 నిమిషాల సెషన్‌కు 20 నిమిషాల స్లాట్, దాని వెనుకే ఇంకొకటి. ఒక్కో కుటుంబానికి 7 నిమిషాలు ఎక్కువ పట్టినా ఎనిమిదో కుటుంబం 49 నిమిషాలు బల్ల మీద కూర్చోవాలి. ఆ 7 నిమిషాలు ఎక్కడ పోతున్నాయో తలుపు దగ్గర నిలబడి చూడండి. తల్లి లోపలికి రాగానే అద్దం ముందు కుచ్చిళ్లు సరిచేసుకుంటుంది. పాపకు పాలు పట్టాలి. తాతగారు మేడ మెట్లెక్కి వచ్చి కాసేపు ఊపిరి తీసుకోవాలి. ఇవన్నీ సెషన్‌లో భాగమే.

సెట్టింగుల్లో స్లాట్‌కూ స్లాట్‌కూ మధ్య 10 నిమిషాల ఖాళీ పెట్టండి. ఏడాది లోపు పిల్లలకైతే 15. రెండు గంటలకోసారి ఒక స్లాట్ మూసి ఉంచండి. రోజుకు కొన్ని సెషన్లు తగ్గుతాయని వెనకాడకండి. ముప్పావుగంట ఎదురుచూసి విసిగిపోయిన పిల్లవాడి ముఖంలో నవ్వు తెప్పించడం ఎవరి తరమూ కాదు.

సమస్య: పెళ్లి ఆర్డర్ రాసుకున్న రోజున కూడా స్లాట్లు ఖాళీగా చూపిస్తోంది

అందరినీ దెబ్బతీసేది ఇదే. నేను సరిచేసినవాటిలో ఇంత మందిని, ఇంత కాలం మోసం చేసిన లోపం ఇంకొకటి లేదు. అందుకే దీన్ని వివరంగా చెబుతున్నాను.

లక్షణం ఇలా ఉంటుంది. గూగుల్ క్యాలెండర్‌లో పెళ్లి ఆర్డర్ స్పష్టంగా రాసి ఉంటుంది. బుకింగ్ పేజీ అదే క్యాలెండర్‌కు కలిపి ఉంటుంది. మామూలు రోజుల్లో అంతా సవ్యంగానే నడుస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్లాలని మధ్యాహ్నం గంటసేపు రాసుకుంటే ఆ గంట చక్కగా మూసుకుపోతుంది. కానీ పెళ్లి ఉన్న రోజున మాత్రం ఉదయం నుంచి సాయంత్రం దాకా స్లాట్లన్నీ తెరిచే ఉంటాయి.

ఒంగోలులో ఒక స్టూడియో వారి క్యాలెండర్ తెరిచినప్పుడు కనిపించింది చెబుతాను. ఆదివారం గడిలో అన్నిటికన్నా పైన, తేదీ అంకె కిందే, సన్నని ఆకుపచ్చ పట్టీ. దాని మీద "కనిగిరి పెళ్లి" అని ఉంది. ఆ పట్టీ కింద 9 గంటల నుంచి 6 గంటల దాకా గంటల గళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ తెల్లటి గళ్లలో నాలుగు కుటుంబాలు బుక్ చేసుకుని అడ్వాన్సు కూడా కట్టాయి. ఆ రోజు స్టూడియో మనుషులందరూ లైట్లతో సహా కనిగిరిలో ఉన్నారు. సింగరాయకొండ నుంచి పాపను తీసుకుని వచ్చిన కుటుంబం మూసిన షట్టర్ ముందు నిలబడి ఫోన్ చేసింది.

కారణం ఆ సన్నని పట్టీయే. క్యాలెండర్‌లో ఏదైనా "రోజంతా" అని రాస్తే గూగుల్ దాన్ని మామూలుగా "ఫ్రీ" అని నమోదు చేస్తుంది. గంట నుంచి గంట దాకా అని సమయం వేసి రాస్తేనే "బిజీ" అవుతుంది. అలా ఎందుకు పెట్టారో ఆలోచిస్తే అర్థమవుతుంది. రోజంతా అని ఎక్కువమంది రాసుకునేవి పుట్టినరోజులు, పండుగలు. మేనల్లుడి పుట్టినరోజైతే ఆ రోజంతా మీరు పని మానేసినట్టు కాదు కదా. కానీ మనకు పెళ్లి అంటే నిజంగానే రోజంతా. బుకింగ్ పేజీ మీరు రాసిన పేరు చదవదు, రంగు చూడదు. బిజీ అని ఉందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. మన కంటికి ఆ రోజు నిండినట్టు కనిపిస్తుంది. యంత్రానికి ఖాళీ.

ఇది ఇంత కాలం దొరకకుండా ఉండటానికి మరో కారణం మన పంచాంగమే. చాలామంది మినీ సెషన్లు ఆషాఢంలో మొదలుపెడతారు, పెళ్లిళ్లు ఉండవు, చేతిలో సమయం ఉంటుంది కాబట్టి. ఆ నెలంతా బుకింగ్ పేజీ మచ్చ లేకుండా నడుస్తుంది. శ్రావణం రాగానే ముహూర్తాలు వరసకడతాయి, పెళ్లి ఆర్డరూ మినీ సెషనూ ఒకే రోజున తగులుకుంటాయి. "నిన్నటి దాకా బాగానే ఉంది, రద్దీ పెరిగేసరికి యాప్ తట్టుకోలేకపోయింది" అనుకుంటారు. రద్దీకి సంబంధం లేదు. లోపం మొదటి రోజు నుంచీ ఉంది. రోజంతా అని రాయాల్సిన అవసరం శ్రావణంలో వచ్చింది, అంతే.

సరిచేయడం ఇలా. ఆ పెళ్లి ఎంట్రీ తెరిచి, సవరణ గుర్తు నొక్కి, కిందికి వెళితే "ఫ్రీ" అన్న చోట "బిజీ" ఎంచుకునే వీలుంటుంది. మార్చి భద్రపరచండి. ఇప్పటికే రాసి ఉన్న ఆర్డర్లన్నిటికీ ఒక్కొక్కటిగా ఇదే చేయాలి. రాబోయే మూడు నెలలు వారం వారంగా తిప్పుతూ పైభాగంలో పట్టీలా ఉన్న ప్రతి ఎంట్రీనీ తెరిచి చూడండి. గంటల గళ్లలో పెట్టెలా ఉన్నవాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

ఇక ముందు రాసే ఆర్డర్లకు నా సలహా, "రోజంతా" అన్న మీటను అసలు తాకకండి. సమయం వేసి రాయండి. దీనివల్ల ఇంకో మేలుంది. మన పెళ్లిళ్లలో సగం ముహూర్తాలు రాత్రివేళే. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటలకైతే మీరు ఇల్లు చేరేది మర్నాడు ఉదయం. "రోజంతా" అని ఒక తేదీకి రాసి, బిజీ అని పెట్టినా, మర్నాడు 9 గంటల స్లాట్ తెరిచే ఉంటుంది. నిద్ర లేని కళ్లతో పసిబిడ్డ ఫొటోలు తీయడం ఆ కుటుంబానికి అన్యాయం. అందుకే ఎంట్రీని బయలుదేరే గంట నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా సాగదీయండి.

ఇదే జాతికి చెందినవి ఇంకో రెండు. మొదటిది సెలవుల క్యాలెండర్. సంక్రాంతి, ఉగాది వాటంతట అవే మీ క్యాలెండర్‌లో కనిపిస్తాయి కాబట్టి ఆ రోజులు మూసుకున్నాయని నమ్మకండి. అవేవీ స్లాట్లను ఆపవు. నెల్లూరు స్టూడియోలు రొట్టెల పండుగ రోజులను కూడా తామే మూయాలి. స్వర్ణాల చెరువు చుట్టుపక్కల జనసందోహంలో చంటిపిల్లతో సమయానికి చేరడం ఎవరికైనా కష్టం. మొహర్రంతో పాటు ఈ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, కాబట్టి నిరుటి తేదీలు పనికిరావు. రెండోది తమ్ముడి క్యాలెండర్. ఆర్డర్లు తమ్ముడో అసిస్టెంటో తన క్యాలెండర్‌లో రాసి మీకు పంచుకుంటే మీ తెర మీద వేరే రంగులో కనిపిస్తాయి. బుకింగ్ పేజీ మాత్రం మీ సొంత క్యాలెండర్‌నే చూస్తూ ఉండొచ్చు. ఏయే క్యాలెండర్లు చూడాలో ఎంచుకునే చోటు సెట్టింగుల్లో ఉందేమో వెతకండి. లేకపోతే ఆర్డర్లన్నీ మీ క్యాలెండర్‌లోనే రాయించండి.

మార్పులు చేశాక మళ్లీ వేరే ఫోనులో లింకు తెరిచి పెళ్లి తేదీ నొక్కండి. ఒక్క స్లాట్ కూడా కనిపించకూడదు. అప్పటికే రెండూ తగులుకుని ఉంటే ఆ గంటలోనే కుటుంబానికి ఫోన్ చేయండి, సందేశం పంపి ఊరుకోకండి. రెండు తేదీలు చెప్పండి. ఇష్టపడకపోతే వాళ్లు అడగకముందే అడ్వాన్సు వెనక్కి పంపండి. మొదటి పుట్టినరోజు వాయిదా పడేది కాదు, ఆ తల్లిదండ్రుల కోపంలో న్యాయం ఉంది.

సమస్య: పార్టీ గంటన్నర ముందే వచ్చి కూర్చుంది

బుక్ చేసింది దుబాయిలో ఉన్న కొడుకా అని అడగండి. బుకింగ్ పేజీలు చాలావరకు చూసేవాళ్ల ఊరి సమయాన్నే చూపిస్తాయి. దుబాయి మనకన్నా గంటన్నర వెనుక. అక్కడ 3:00 అని కనిపించిన స్లాట్ ఇక్కడ 4:30. కొడుకు "మూడింటికి వెళ్లండి నాన్నా" అంటాడు, ఆయన వస్తారు. పేజీని భారత సమయానికి స్థిరపరిచే వీలుంటే పెట్టండి. లేకపోతే ఫొటోకు వచ్చే వాళ్ల ఫోను నంబరు ఫారంలో తప్పనిసరి చేసి, వాట్సాప్‌లో వారికే "ఆదివారం సాయంత్రం 4:30, మన సమయం" అని పంపండి.

సమస్య: బుక్ చేసి రావడం లేదు

అడ్వాన్సు తీసుకోవడం లేదు, ఇంకేమీ కాదు. తీసుకుంటున్నా రావడం లేదంటే ముందు రోజు సాయంత్రం గుర్తు చేయడం లేదు. యూపీఐ స్క్రీన్‌షాట్ చూసి స్లాట్ ఖాయం చేయకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూశాకే చేయండి.

సమస్య: బీచ్ సెషన్లలో చివరి కుటుంబం ఫొటోలు చీకటిగా వస్తున్నాయి

వేసవిలో పెట్టిన స్లాట్లే నవంబరులోనూ నడుస్తున్నాయి. నెల్లూరులో జులైలో సూర్యాస్తమయం 6:40 ప్రాంతంలో, నవంబరులో 5:40 ప్రాంతంలోనే. దాదాపు గంట తేడా. పైగా మైపాడులో గానీ కొత్తపట్నంలో గానీ సూర్యుడు సముద్రంలో కాదు, మన వెనుక నేల వైపు అస్తమిస్తాడు. సరుగుడు తోటల చాటుకు వెళ్లగానే ఇసుక మీద వెలుగు పోతుంది, లెక్క ప్రకారం అస్తమయానికి ఇంకా సమయం ఉన్నా సరే. చివరి సెషన్ అస్తమయానికి 20 నిమిషాల ముందే ముగిసేలా ప్రతి నెలా మొదటి తేదీన స్లాట్లు జరపండి. ఉదయం సెషన్లకు ఇదే లెక్క తిరగేయండి. సముద్రం వెనుక పెట్టి తీస్తే ఎండ కూడా వెనుక నుంచే వస్తుంది, ముఖాలకు ఫ్లాషో రిఫ్లెక్టరో లేకుండా వెళ్లకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బీచ్ బుకింగ్ ప్రతిదానికీ వాన పడితే ఏ తేదీ అన్నది బుక్ చేసేటప్పుడే అడిగి ఉంచండి.

సమస్య: ఆదివారం సాయంత్రం స్లాట్లే నిండటం లేదు

వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఆదివారం 4:30 నుంచి 6 దాకా రాహుకాలం. అన్నప్రాశన, అక్షరాభ్యాసం, మొదటి పుట్టినరోజు ఫొటోలకు చాలా కుటుంబాలు ఆ సమయాన్ని ముట్టుకోవు. ధర తగ్గించినా నిండవు. పట్టింపు లేనివాళ్లు వస్తారు గానీ వాళ్లను నమ్ముకుని స్లాట్లు పెట్టకండి. ఆ సాయంత్రం స్లాట్లను శనివారానికి మార్చుకోండి, ఆదివారం ఉదయం తెరవండి.

మిగతావి

ఇద్దరు ఒకే క్షణంలో ఒకే స్లాట్ నొక్కడం, పాత పేజీ ఫోనులో నిలిచిపోవడం, సర్వర్ ఆగిపోవడం, ఇవన్నీ ఉన్నాయి గానీ అరుదు. పేజీ మూసి మళ్లీ తెరవండి. కాసేపు ఆగినా రాకపోతే ఆ పూటకు ఫోనులో బుకింగులు తీసుకుని, వాటిని క్యాలెండర్‌లో సమయం వేసి రాయండి.