చెవి ముందు వాపుకి పీవీఎన్‌ఎస్ అని రిపోర్ట్ వస్తే ఏం చేయాలి

మా పిన్నికి చెవి ముందు చిన్న వాపు, మెత్తటి ఇడ్లీ నమిలినా దవడ దగ్గర టక్కుమని శబ్దం. గుంటూరు కొత్తపేటలో ఏడాదిపాటు లాలాజల గ్రంథి గడ్డ అనుకునే మందులు వాడాం, చివరికి దవడ కీలు లోపలి పొరలో పెరిగే పీవీఎన్‌ఎస్ (పిగ్మెంటెడ్ విల్లోనాడ్యులర్ సైనోవైటిస్) అనే గడ్డ అని తేలింది. ముందు భయం తీసేయండి, ఇది క్యాన్సర్ కాదు. ఎక్కువగా మోకాలికి వస్తుంది, దవడకి రావడం చాలా అరుదు, అందుకే ఎవరికీ వెంటనే తట్టదు.

నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, ఆ పక్క చెవి సరిగ్గా వినపడకపోయినా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఎంఆర్‌ఐ రాస్తే గ్రేడియంట్ ఎకో సీక్వెన్స్ (ఎంఆర్‌ఐలోనే ఒక రకం ఫిల్మ్) కూడా తీస్తారా అని అడగండి, ఎందుకంటే ఈ గడ్డలో పదేపదే రక్తం కారి ఇనుము పేరుకుంటుంది, అది ఆ ఫిల్మ్‌లో నల్లగా పరుచుకుని కనిపిస్తుంది, మా పిన్ని ఫిల్మ్‌లో అయితే అచ్చం సిరా ఒలికినట్టే ఉంది. కీలు పైనే మెదడు కింది ఎముక పల్చగా ఉంటుంది కాబట్టి అది అరిగిందేమో సీటీలో చూస్తారు. ఖాయం చేసేది మాత్రం బయాప్సీనే, అంటే గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష, ఆ ముక్క ఉన్న గాజు స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తెచ్చుకోండి, విజయవాడలో రెండో ఒపీనియన్‌కి వెళ్లినప్పుడు మాకు అవే పనికొచ్చాయి.

ఆపరేషన్ ముందు సర్జన్‌ని ముఖం నరం గురించి అడగండి, అది ఆ పక్కనుంచే పోతుంది. కొంచెం మిగిలినా మళ్లీ పెరగొచ్చు, నొప్పి లేదు కదా అని తర్వాతి ఎంఆర్‌ఐలు మానేయకండి.