చెస్ టోర్నమెంట్‌లో గొడవ ఎక్కడ మొదలవుతుంది: ఫార్మాట్ సమస్యలు - పరిష్కారాలు

తిరుపతిలో ఆదివారం పూట పిలకాయలకి చెస్ పోటీ పెట్టాలనుకునేవాళ్ళ కోసం రాస్తా ఉండా. చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, మదనపల్లె నించి అమ్మానాన్నలు తెల్లారకముందే లేచి పిలకాయల్ని బస్సెక్కించుకొని వస్తారు, మాపటేళ ప్రైజులిచ్చే టైముకి స్టేజి కాడ గొడవ మొదలవుతుంది, తిట్లన్నీ ఆర్బిటర్‌కి, అంటే పోటీ నడిపే రెఫరీకి పడతాయి. నేను చూసినంతలో తప్పు ఆయనది కాదు, పోస్టర్ వేసేముందే జరిగిపోయింటుంది. ఎంతమంది వస్తారు, మన చేతిలో ఎన్ని గంటలుండాయి, తేలాల్సింది ఫస్ట్ ఒక్కరేనా లేక పది ప్రైజులా, ఈ మూడూ చూసుకోకుండా ఫార్మాట్ పెట్టేస్తారు.

సమస్య: పది గంటలకి మొదలైంది, పదకొండుకల్లా సగం హాలు ఖాళీ

నాకౌట్, అంటే ఓడినోళ్ళు అక్కడికక్కడే ఇంటికి పోయే పద్ధతి పెట్టినారన్నమాట. 64 మంది వస్తే ఒక్క గేముతో 32 మంది ఇంటికి. చీటీలు తీసి జోడీలు వేస్తే ఇంకా అన్యాయం, ఇద్దరు గట్టి ఆటగాళ్ళు మొదటి రౌండ్లోనే తగులుకుంటారు, ఒకరు పోతారు. పైగా చెస్‌లో డ్రా ఉంది కదా, డ్రా అయితే ఎవర్ని పంపించాలి? మళ్ళీ బ్లిట్జ్, అంటే నిమిషాల్లో అయిపోయే గేము ఆడించాలి, పక్క బోర్డులన్నీ కాచుకోవాల.

పెద్ద పోటీల్లో నాకౌట్ ఉంది, కాదనను, కానీ అక్కడ ఒక్క గేముతో ఎవర్నీ పంపించరు. 2025లో బటుమిలో మహిళల వరల్డ్ కప్ ఫైనల్లో మన కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ ఆడిన రెండు క్లాసికల్ (గంటల తరబడి సాగే) గేములూ డ్రా అయినాయి, ఆ తర్వాత తక్కువ టైముండే ర్యాపిడ్‌లో దివ్య గెలిచింది. అంత టైము మనకి యాడుంది? నాకౌట్ కావాలంటే ముందు స్విస్ (అదేందో కింద చెప్తా) ఆడించి చివరి నలుగురికి మాత్రం పెట్టండి, జోడీకి రెండు గేములు, రంగులు మార్చి.

సమస్య: చీకటి పడినా రౌండ్లు మిగిలే ఉండాయి

ఇది లీగ్, అంటే రౌండ్ రాబిన్. అందరూ అందరితో ఆడతారు కాబట్టి నా దృష్టిలో ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదు, ప్రపంచ చాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ పోటీలో కూడా 8 మంది ఒకరితో ఒకరు రెండేసిసార్లు, మొత్తం 14 రౌండ్లు ఆడేది అందుకే. 10 మందైతే 9 రౌండ్లు, 45 గేములు, రెండు రోజుల్లో హాయిగా అయిపోతుంది. అదే 40 మందికి పెడితే 39 రౌండ్లు, 780 గేములు! పదిమంది దాటితే లీగ్ మాట మర్చిపోండి.

లీగ్‌కి ఇంకో జబ్బు కూడా ఉంది, స్నేహితులు డ్రాలు పంచుకోవడం. 1962లో కరేబియన్ దీవి కురసావ్‌లో జరిగిన క్యాండిడేట్స్‌లో సోవియట్ ఆటగాళ్ళు పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ వాళ్ళలో వాళ్ళు ఆడిన 12 గేములూ డ్రానే, అదే పోటీలో ఆడిన అమెరికా ఆటగాడు ఫిషర్ గట్టిగా గొడవ చేసినాడు, తర్వాతి సైకిల్ నించి ప్రపంచ చెస్ సంఘం ఫిడే ఆ పద్ధతే మార్చేసింది. మన లెవెల్లో మందు చిన్నది: ఒకే అకాడమీ పిలకాయల్ని మొదటి రౌండ్లలోనే ఆడించేయండి, చివరికి వదలద్దు.

సమస్య: స్విస్సే పెట్టినాం, అయినా ఓడిపోని వాళ్ళు ముగ్గురు మిగిలినారు

1895లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో మొదలైంది కాబట్టి దీన్ని స్విస్ అంటారు. ఎవర్నీ తీసేయరు, ఒకే పాయింట్లున్నోళ్ళని జోడీ కడతారు, ఒకసారి ఆడినోళ్ళని మళ్ళీ ఆడించరు. లెక్క ఏందంటే ప్రతి రౌండ్‌కీ అన్నీ గెలిచినోళ్ళు సగమవుతారు. 32 మందికి 5, 64కి 6, 128కి 7 రౌండ్లు. వంద మందిని పెట్టుకొని 5 రౌండ్లతో ఆపేస్తే 50, 25, 13, 6, 3... డ్రాలు పడకపోతే ముగ్గురు 5కి 5తో నిలబడతారు, వాళ్ళు ఒకరితో ఒకరు ఆడనే లేదు, ఎవరు ఫస్టో దేవుడికే తెలియాల. ఈ లెక్క కూడా ఫస్ట్ తేల్చడానికే సరిపోతుంది, పదో ప్రైజు దాకా నమ్మకంగా ఇవ్వాలంటే ఇంకో రౌండో రెండో ఎక్కువ పెట్టాల.

టైము ముందే లెక్కేసుకోండి. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 5 సెకన్లు కలిపి ఇస్తే 60 ఎత్తుల గేము దగ్గర దగ్గర 40 నిమిషాలు, పెయిరింగులు (ఎవరికి ఎవరు జోడీ అనే లిస్టు) అతికించి పిలకాయల్ని కూర్చోబెట్టేదానికి ఇంకో 15. ఏడు రౌండ్లకి ఆరున్నర గంటలు, భోజనం వేరే.

సమస్య: ఇద్దరికీ ఆరు పాయింట్లే, ఒకరికి కప్పు, ఒకరికి ఏమీ లేదు

నాకు మనసుకి కష్టమనిపించేది ఇదే. ఒక పోటీలో సాయానికి పోయినప్పుడు చూసినా, టై బ్రేక్, అంటే పాయింట్లు సమానమైతే ఎవరు ముందో తేల్చే రూలు ఏంది అనేది ఆఖరి రౌండ్ అయిపోయాక మాట్లాడుకున్నారు, ఎనిమిదేళ్ళ పాప కప్పు వస్తుందని ముందు వరసలో కూర్చొని ఉంది, పేరు పిలవలేదు. వాళ్ళ నాయనకి ఎందుకో చెప్పేదానికి కాగితం మీద ఒక్క ముక్క లేదు.

మామూలుగా వాడేది బుక్‌హోల్జ్, అంటే నువ్వు ఆడినోళ్ళందరి పాయింట్లూ కూడడం. మొదట్లో ఓడి తర్వాత పైకొచ్చిన వాడికి చిన్న ప్రత్యర్థులు దొరికింటారు కాబట్టి వాడికి తక్కువ వస్తుంది, ఇది సబబే. కానీ నువ్వు ఆడిన పిల్లోడు మధ్యాన్నం అన్నం తిని ఇంటికెళ్ళిపోతే నీ బుక్‌హోల్జ్ కూడా దెబ్బ తింటుంది, నీ తప్పేముంది అందులో? అందుకే ముందు వాళ్ళిద్దరూ ఆడుకున్న గేము చూడండి, తర్వాత కట్ వన్, అంటే అందరికంటే తక్కువ పాయింట్లున్న ప్రత్యర్థిని వదిలేసి కూడేది. కప్పు టై బ్రేక్‌తో ఇవ్వండి, డబ్బు మాత్రం సమానంగా పంచండి.

ఏది పెట్టినా మొదటి రౌండ్‌కి ముందే గోడకి అతికించాల. 2013 లండన్ క్యాండిడేట్స్‌లో కార్ల్‌సన్, క్రామ్నిక్ ఇద్దరికీ 8.5, ఎక్కువ గెలుపులున్నాయని కార్ల్‌సన్ ముందుకుపోయినాడు, రూల్ ముందే రాసుండింది. 2024లో న్యూయార్క్ వరల్డ్ బ్లిట్జ్ ఫైనల్లో అదే కార్ల్‌సన్, నెపోమ్నియాషి టైటిల్ పంచుకుంటామంటే ఫిడే వాళ్ళు అప్పటికప్పుడు ఒప్పుకున్నారు, దానిమీద ఎంత విమర్శ వచ్చిందో చూసినాం కదా.

సమస్య: "మా వాడికి వరసగా మూడుసార్లు బ్లాకే ఇచ్చినారు సార్"

చేత్తో పెయిరింగ్ వేస్తే ఇట్లే అవుతుంది. స్విస్‌లో ఒకే రంగు వరసగా మూడుసార్లు రాకూడదు, వైట్‌కి బ్లాక్‌కి తేడా రెండు దాటకూడదు, ఆఖరి రౌండ్లో పైనున్నోళ్ళకి మాత్రం సడలింపు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో వేయండి, అయిపోతుంది. బేసి సంఖ్య వస్తే ఒకరికి బై, అంటే ఆడకుండానే ఒక పాయింటు, ఒకే మనిషికి రెండోసారి ఇవ్వద్దు.

సమస్య: ఆఖరి రౌండ్లో పది ఎత్తులకే డ్రాలు

కుమ్మక్కని అరవద్దు, ముందు గడియారం చూడండి. చాలామంది బస్సు కోసం పోయేవాళ్ళే. దూరం నించి వచ్చినోళ్ళ చివరి బస్సు ఎన్నింటికో కనుక్కొని అక్కణ్ణించి వెనక్కి లెక్కేయండి, ఏడు రౌండ్లు పట్టవనుకుంటే ఆరే పెట్టి, 64 పేర్లు రాగానే ఎంట్రీలు ఆపేయండి.