డమ్మీ అవుట్‌పుట్ కనబడితే సౌండ్ కార్డును తిట్టకండి

లినక్స్ డెస్క్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే స్పీకర్ పేరు ఉండాల్సిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఉందా? నిన్నటిదాకా బాగానే ఉండి, రీస్టార్ట్ చేశాక పోయిందా? బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డుకు పరిగెత్తి యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనేయకండి. నేను చెప్పబోయే జబ్బే అయితే, ఆ కొత్త కార్డు కూడా లిస్టులో కనబడదు.

మారతహళ్ళిలో మా వీధి పొడుగునా పీజీలే, వాటి నిండా మన కుర్రాళ్ళే. ‘అన్నా, పది నిమిషాల్లో మీటింగ్, సౌండ్ రావట్లేదు’ అని తలుపు కొట్టేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఒకటే: టెర్మినల్‌లో ఏప్లే, స్పేస్, మైనస్, చిన్న ఎల్ కొట్టు. అక్కడ కార్డు పేరు వస్తే హార్డ్‌వేర్, డ్రైవర్ రెండూ బాగున్నట్టే. అక్కడా రాకపోతే బయోస్, డ్రైవర్ చూసుకోవాలి. అది వేరే కథ.

కార్డు ఉంది కానీ డెస్క్‌టాప్‌కు కనబడటం లేదంటే ఐనోటిఫైని అనుమానించండి. ఫైళ్ళలో మార్పు జరిగితే ప్రోగ్రాములకు కబురు చెప్పే ఏర్పాటు ఇది. 2005లో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 2.6.13తో వచ్చింది. సౌండ్ నడిపించే సర్వీసులు, అంటే పాత పల్స్‌ఆడియో గానీ, ఇప్పటి పైప్‌వైర్ గానీ, దీని ద్వారానే డెవ్ కింద సౌండ్ పరికరాల ఫైళ్ళుండే ఎస్‌ఎన్‌డీ ఫోల్డర్ మీద కన్నేసి ఉంచుతాయి. ఏదైనా ప్రోగ్రామ్ కార్డును వదిలేసిందా, అనుమతులు మారాయా అన్నది వాటికి అలాగే తెలుస్తుంది.

చిక్కేమిటంటే ఈ కాపలాకు (దీన్నే వాచ్ అంటారు) ఒక్కో యూజర్‌కు కోటా ఉంది. ఒక వాచ్ ఒక ఫోల్డర్‌నే చూస్తుంది, లోపలి ఫోల్డర్లకు మళ్ళీ విడివిడిగా పెట్టాలి. కోడ్ ఎడిటర్‌లో పెద్ద ప్రాజెక్టు తెరిచి, పక్కన క్లౌడ్ సింక్, ఫైళ్ళను వెతకడానికి జాబితా కట్టే ఇండెక్సర్ నడుస్తుంటే పెళ్ళి భోజనాల్లో మొదటి బంతివాళ్ళే గారెలన్నీ లాగించేసినట్టు అవుతుంది. సౌండ్ సర్వీసుకు కావలసింది ఒకే ఒక్క వాచ్, అదీ మిగలదు. ముందు లేచినవాడిదే వాటా కాబట్టి ఒకరోజు సౌండ్ వస్తుంది, ఇంకోరోజు రాదు. దీని మీద పల్స్‌ఆడియో రాసినవాళ్ళకు ఎంత మంటంటే, ట్రాకర్, బీగల్ అనే ఇండెక్సర్లే వాచ్‌లన్నీ లాగేసుకున్నట్టున్నాయి, వాళ్ళకు ఫిర్యాదు చేయండి అని ఎర్రర్ మెసేజ్‌లోనే రాసిపెట్టారు!

నిర్ధారణకు సిస్టమ్ తన సంగతులు రాసుకునే జర్నల్‌లో యూజర్ లాగ్స్ చూడండి. ఐనోటిఫై పేరు పక్కన ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని ఉంటే డిస్క్ నిండిందని సినిమాలు డిలీట్ చేయకండి, అయిపోయింది వాచ్‌ల కోటా. ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని ఉంటే ఎక్కువగా ఇన్‌స్టెన్స్‌ల (వాచ్‌లు పెట్టుకోవడానికి ప్రోగ్రాములు ఐనోటిఫైలో తెరిచే ఖాతాల) కోటా అయిపోయినట్టు. అది మామూలుగా 128. లాగ్స్ చదివే ఓపిక లేకపోతే వేరే యూజర్‌గా లాగిన్ అవ్వండి. కోటా యూజర్‌ను బట్టే కాబట్టి అక్కడ సౌండ్ వస్తే అనుమానం దాదాపు తీరినట్టే.

మీటింగ్ ముంచుకొస్తుంటే ఎడిటర్, సింక్ మూసేసి, సిస్టమ్‌సీటీఎల్, స్పేస్, రెండు మైనస్‌లు, యూజర్, స్పేస్, రీస్టార్ట్, స్పేస్, వైర్‌ప్లంబర్ అని కొట్టండి. పైప్‌వైర్‌కు కార్డులను వెతికి పెట్టేది ఈ వైర్‌ప్లంబరే. సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) వద్దు. పాత సిస్టమ్ అయితే వైర్‌ప్లంబర్ బదులు పల్స్‌ఆడియో.

తీరిగ్గా చేయాల్సింది కోటా పెంచడం. ఈటీసీలోని సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్‌లో, పేరు చివర డాట్ కాన్ఫ్ వచ్చేలా ఒక ఫైల్ పెట్టండి. అందులో ఎఫ్‌ఎస్ డాట్ ఐనోటిఫై డాట్ మ్యాక్స్ అండర్‌స్కోర్ యూజర్ అండర్‌స్కోర్ వాచెస్ = 524288 అని ఒక లైను, చివరి మాటను ఇన్‌స్టెన్సెస్‌గా మార్చి = 512 అని ఇంకో లైను రాయండి. పాత కెర్నళ్ళలో వాచ్‌లు 8192 మాత్రమే. 5.11 నుంచి ర్యామ్‌ను బట్టి కెర్నలే పెంచుకుంటుంది కాబట్టి, కెర్నల్ తన సెట్టింగులు చూపించే ప్రాక్ ఫోల్డర్ కింద ఇప్పుడున్న అంకె చూసి, అది ఇంతకన్నా ఎక్కువుంటే మొదటి లైను మానేయండి. తర్వాత సుడోతో సిస్‌సీటీఎల్, స్పేస్, రెండు మైనస్‌లు, సిస్టమ్ అని కొట్టండి.

64 బిట్ మెషీన్‌లో ఒక్కో వాచ్‌కు సుమారు ఒక కేబీ పడుతుంది, అదీ వాడుకున్నవాటికే. కాబట్టి ర్యామ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అలాగని వదిలేయకుండా, నోడ్ మాడ్యూల్స్ లాంటి, లైబ్రరీ ఫైళ్ళతో నిండిన భారీ ఫోల్డర్లను ఎడిటర్ వాచర్ సెట్టింగ్‌లో మినహాయించండి.