తోటకూర: తొట్టిలో విత్తడం నుంచి పొయ్యి దాకా

ఇంట్లో ఆకుకూర పెంచడం మొదలుపెట్టేవారు చాలామంది విత్తనాల పొట్లమంతా ఒకేసారి చల్లేస్తారు. నెల తిరిగేసరికి వండుకోగలిగిన దానికంటే ఎంతో ఎక్కువ కూర ఒక్కసారిగా చేతికి వస్తుంది. అందులో కొంత ముదిరి పారవేయవలసి వస్తుంది, ఆ తర్వాత చాలా రోజులు తొట్లు ఖాళీగా పడి ఉంటాయి. వంటకు ఎంత కావాలో ముందు చూసుకుని, దానికి తగినట్టు కొద్దికొద్దిగా విత్తుకోవడమే ఇంటి తోటలో అన్నిటికంటే ముఖ్యమైన పని అని నా నమ్మకం. ఈ పద్ధతికి తోటకూర బాగా అనువైనది, ఎందుకంటే అది వెచ్చని వాతావరణంలో త్వరగా మొలుస్తుంది, ఎండను తట్టుకుంటుంది, కోసిన తర్వాత మళ్ళీ చిగురిస్తుంది.

వెడల్పైన మూడు తొట్లు తీసుకోండి. లోతు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే చాలు గానీ, అడుగున నీరు పోయే రంధ్రాలు మాత్రం తప్పనిసరి. రెండు పాళ్ళు మట్టికి ఒక పాలు బాగా మాగిన ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరి పొట్టు కలపండి. ఎరువు బాగా మాగి ఉండాలన్న మాటను తేలికగా తీసుకోకూడదు. సగం కుళ్ళిన చెత్తను మట్టిలో కలిపితే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడుకుంటాయి, దానివల్ల మొక్కలు పాలిపోయి ఎదగకుండా నిలిచిపోతాయి. వంటింటి తొక్కలతో ఎరువు తయారు చేసుకునేవారు పచ్చి తొక్కలకు రెట్టింపు పరిమాణంలో ఎండుటాకులు కలిపి, అది నల్లగా పొడిపొడిగా మారి మట్టి వాసన వచ్చేవరకు ఆగాలి. నూనె తగిలిన వంటకాలను అందులో వేస్తే ఎలుకలు చేరతాయి.

తోటకూర విత్తనాలు చాలా సన్నవి, ఒక గ్రాముకు వెయ్యికి పైగా తూగుతాయి. చిటికెడు విత్తనాలను గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడకుండా సమానంగా పరుచుకుంటాయి. పిల్లలకు అప్పగించదగిన పని ఇది, వాళ్ళు ఎంతో ఇష్టంగా చేస్తారు. పైన అర సెంటీమీటరు మించకుండా మట్టి చల్లి, విత్తనాలు కొట్టుకుపోకుండా సన్నని జల్లుతో తడపండి. వెచ్చగా ఉంటే వారంలోపే మొలకలు కనిపిస్తాయి. రెండో తొట్టిని రెండు వారాల తర్వాత, మూడోదాన్ని మరో రెండు వారాలకు విత్తాలి. అప్పటికి మొదటి తొట్టి కోతకు వస్తుంది, దాన్ని తూచి ఇంటిల్లిపాదికీ ఒక పూటకు సరిపోతుందో లేదో చూసుకుంటే ఇంకా ఎన్ని తొట్లు కావాలో తేలికగా తెలిసిపోతుంది.

మొలకలు నాలుగైదు ఆకులు వేసినప్పుడు ఒత్తుగా ఉన్నచోట కొన్నిటిని వేళ్ళతో సహా పీకి, మొక్కకూ మొక్కకూ నాలుగైదు వేళ్ల ఎడం ఉంచండి. పచ్చని మొలకలను పీకడానికి మనసు ఒప్పకపోవచ్చు, కానీ వాటిని అలాగే వదిలేస్తే అన్నీ సన్నగా పొడుగ్గా సాగిపోయి ఒక్కటీ ఆకు పట్టదు. పీకిన లేత మొక్కలూ వంటకు పనికొస్తాయి. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగలనివ్వండి, ఉదయం పూట మొక్కల మొదళ్ళ దగ్గరే నీళ్ళు పోయండి. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే తెగుళ్ళు త్వరగా సోకుతాయి. ఆకులను మడిచి గూడు కట్టుకునే పురుగు కనిపిస్తే, ఆ ఆకులను తుంచి పారవేయడమే ఇంటి తోటకు సరిపోయే మందు.

విత్తిన నాలుగు వారాలకు, మొక్కలు జానెడు ఎత్తు దాటాక, మొదలు దగ్గర రెండు మూడు కణుపులు వదిలి పైభాగం కోయాలి. ఆ కణుపుల నుంచి కొత్త కొమ్మలు వచ్చి రెండు మూడు వారాల్లో మరో కోత ఇస్తాయి. పూమొగ్గలు కనిపిస్తే వెంటనే తుంచేయండి. రెండు మూడు కోతల తర్వాత కాడలు నార పట్టగానే ఆ తొట్టిని ఖాళీ చేసి, కొత్త ఎరువు కలిపి మళ్ళీ విత్తుకోవాలి.

కూరను వంటకు కాస్త ముందే కోయడం మంచిది, ఎందుకంటే కోసిన ఆకులో సి విటమిన్ గంట గంటకూ తగ్గుతుంది. వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్ళు పోసి ఆకులను ముంచి కదిపితే ఇసుక అడుగుకు దిగుతుంది. అప్పుడు నీళ్ళు వంచకుండా ఆకులనే చేత్తో పైకి తీయాలి. గిన్నె ఒంపితే దిగిన ఇసుక మళ్ళీ ఆకులకే పడుతుంది. ఇలా రెండు మూడు సార్లు కడిగాకే తరగాలి, తరిగాక కడిగితే నీటిలో కరిగే విటమిన్లు పోతాయి. ఆ నీళ్ళను తొట్లకే పోసుకోవచ్చు.

బాణలిలో నూనె కాచి, చితక్కొట్టిన వెల్లుల్లి, తరిగిన ఉల్లిపాయ వేయించి, ముందుగా సన్నగా తరిగిన కాడలు వేసి మూడు నాలుగు నిమిషాలు మగ్గనివ్వండి. తర్వాత ఆకు వేసి, మూత పెట్టకుండా కలుపుతూ ఉండాలి. ఆకు నుంచి వెలువడే ఆమ్లాలు ఆవిరితో బయటికి పోతే పచ్చదనం నిలుస్తుంది, మూత కింద చిక్కుకుంటే రంగు మారుతుంది. ఇదే కారణం వల్ల నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగా వేయకుండా, దించాకే పిండాలి. అందులోని సి విటమిన్ వల్ల ఆకులోని ఇనుము ఒంటికి మరింత బాగా పడుతుంది. ఉప్పును కూడా ఆకు మగ్గి దగ్గరపడ్డాకే వేయండి, పచ్చి ఆకు రాశిని చూసి వేస్తే కూర ఉప్పగా అవుతుంది.

తోటకూరలో ఆక్సలేట్లు, అంటే మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడటానికి తోడ్పడే పదార్థాలు, ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు వైద్యుని సలహా తీసుకున్నాకే తినాలి. వారికి వండేటప్పుడు ఆకును ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఆక్సలేట్లు కొంత తగ్గుతాయి. మిగిలిన కూరను రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా పూర్తి చేయండి.