విమానం కిటికీ పాఠాలు – 2: ఎడమా, కుడా?

పోయిన పాఠంలో సీటు అక్షరాలు చూశాం. విమానం ముక్కువైపు తిరిగి కూర్చుంటే ‘ఏ’ ఎప్పుడూ ఎడమ చివర. వరసకు ఆరు సీట్లుండే విమానాల్లో కుడి చివర ‘ఎఫ్’, పెద్ద విమానాల్లో చాలావరకు ‘కే’. రెక్క మీద పడే వరసలు వద్దనీ అనుకున్నాం. ఇక అసలు పని: సీటు ఎంచుకునేలోపే ఏ వైపు కావాలో తేల్చుకోవడం.

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. బయల్దేరే ఊరి నుంచి దిగే ఊరికి ఒక గీత ఊహించుకోండి. ఇప్పుడు రెండు వేళ్లతో మ్యాప్‌ని తిప్పి, దిగే ఊరు పైకి వచ్చేలా పెట్టండి. గీతకు ఎడమ పక్కన ఏముంటే అది ఎడమ కిటికీలో, కుడి పక్కది కుడి కిటికీలో. తూర్పు ఎటు, పడమర ఎటు అని మనసులో లెక్కలు కట్టొద్దు. తిరుగు ప్రయాణంలో చాలామంది తికమకపడేది అక్కడే.

ఢిల్లీ నుంచి ఖాట్మండు తీసుకోండి. మ్యాప్ తిప్పితే హిమాలయాలన్నీ ఎడమకు వస్తాయి. వెళ్లేటప్పుడు ‘ఏ’, వచ్చేటప్పుడు కుడి చివరి సీటు. ఆకాశం తేటగా ఉంటే ధవళగిరి, అన్నపూర్ణ, మనాస్లు శిఖరాలు వరసగా కనిపిస్తాయి. అందరూ ఎవరెస్ట్ కోసమే వెతుకుతారు గానీ, అది ఖాట్మండుకు ఇంకా తూర్పున సుమారు 160 కి.మీ. దూరంలో ఉంది. దాన్ని దగ్గర్లో చూడాలంటే ఖాట్మండు నుంచి భూటాన్‌లోని పారో వెళ్లే విమానంలో ఎడమవైపు కూర్చోవాలి.

ఒక మెలిక ఉంది. సరిగ్గా గీత మీదే ఉన్నది ఏ కిటికీలోనూ కనిపించదు. కిటికీ చూపు పక్కకే గానీ కిందికి కాదు. 10 కి.మీ. ఎత్తులో ఎగురుతూ 45 డిగ్రీల వాలున కిందికి చూస్తే, కంటపడే నేల మీకు పక్కగా 10 కి.మీ. అవతల ఉంటుంది. అందుకే సరస్సో నదో చూడాలంటే అది గీతకు కాస్త పక్కకు, దూరంగా, 10 నుంచి 40 కి.మీ. మధ్యలో ఉంటే బాగుంటుంది. 100 కి.మీ. దాటితే నేలంతా మసకే, మంచు కొండల్లాంటి ఎత్తయినవి మాత్రమే తేలి కనిపిస్తాయి.

తర్వాత ఎండ. కిటికీ ప్లాస్టిక్ మీద సన్నటి గీతలుంటాయి. సూర్యుడు ఎదురుగా ఉంటే అవన్నీ మెరిసి దృశ్యాన్ని మింగేస్తాయి. ఎండ పడని వైపు కూర్చుంటే వెలుగు మీ వెనక నుంచి వెళ్లి కొండల మీద పడుతుంది, రంగులు తేరుకుంటాయి. అటువైపు ఇంకో బహుమతి కూడా: కింద మబ్బులుంటే వాటి మీద విమానం నీడ, దాని చుట్టూ గుండ్రటి రంగుల వలయం. దాన్ని గ్లోరీ అంటారు. సూర్యుడికి ఎదురు దిక్కునే పడుతుంది కాబట్టి ఎండ వైపు వాళ్లకు ఆ భాగ్యం లేదు. కర్కటరేఖకు ఉత్తరాన మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, మకరరేఖకు దక్షిణాన ఉన్నచోట్ల ఉత్తరాన ఉంటాడు. ఉదయం, సాయంత్రం సంగతి చెప్పనక్కర్లేదు.

కొండ ఒకవైపు, నీడ ఇంకోవైపు వస్తే? నా ఓటు కొండకే. కానీ వేళ మార్చుకునే వీలుంటే విమానాన్నే మార్చండి. పర్వతాల దగ్గర మధ్యాహ్నానికి మబ్బులు పేరుకుంటాయి, అక్కడ పొద్దున్నే వెళ్లడం మంచిది.

దిగేముందు మాత్రం ఈ లెక్క పనిచేయకపోవచ్చు. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి రన్‌వేకి ఏ కొస నుంచి వస్తారో ఆ రోజు గాలిని బట్టి ఉంటుంది. అది వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఒక విమానం ఉదయం 7కి దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది. దారి పొడవునా తూర్పున 30 కి.మీ. దూరంలో సముద్రతీరం. అదే దారిలో తిరుగు విమానం సాయంత్రం 5కి. రెండింట్లోనూ తీరం ఏ కిటికీలో వస్తుంది? ఎందులో బాగా కనిపిస్తుంది, ఎందుకు? మ్యాప్ తిప్పి చూశాకే జవాబు రాసుకోండి.